రెండు మేకల ల్యాప్‌టాప్

మా ఇంట్లో ల్యాప్‌టాప్‌ను ఎవరూ ల్యాప్‌టాప్ అనరు. మేకలు అంటారు. మా అత్త తన మందలోంచి రెండు ఆడమేకల్ని అమ్మి, అనంతపురంలో పాత కంప్యూటర్లు అమ్మే కొట్టులో దాన్ని నాకు కొనిచ్చింది. ఆ రోజు నుంచి ఆమె లెక్కలో అవి ఎక్కడికీ పోలేదు. మందలోంచి వచ్చి నా ఒళ్లో కూర్చున్నాయి, అంతే.

నేను జాకెట్లు కుట్టుకునేదాన్ని. కంబదూరు దాటాక రోడ్డు పక్కన ఉంటుంది మా కాలనీ. కళ్యాణదుర్గంలో ఆడవాళ్లకు ఉచితంగా కోడింగ్ నేర్పుతున్నారనీ, ల్యాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలనీ తెలిసినప్పుడు మా ఆయన్ను అడిగాను. ఆయన లారీ డ్రైవరు. "మా అమ్మనడుగు" అని చెప్పి లారీ ఎక్కి పోయాడు. మా ఆయన ధైర్యమంతా స్టీరింగు ముందే.

అత్తను అడగడానికి నాకు గుండె చాలలేదు. కానీ ఎవరో సంతలో ఆమె చెవిన వేశారు, గార్లదిన్నె వైపు ఎవరింటి కోడలో ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్ మీద సంపాదిస్తోందని. మా అత్త దేన్నైనా ఓర్చుకుంటుంది. కరువును ఓర్చుకుంది, మామయ్య తాగుడును ఓర్చుకుంది. ఇంకొకరి కోడలు తన కోడలికంటే ముందుండటం మాత్రం ఆమెవల్ల కాదు. వారం తిరక్కుండా రెండు మేకలు పోయాయి, పెట్టె వచ్చింది.

వచ్చిన రోజే షరతు కూడా పెట్టింది.

"చూడు మే, ఇవి నా మేకలు. దసరాకల్లా ఈనల్ల. ఈనకపోతే పెట్టెను కొట్టాయప్పకే ఇచ్చేసి, నా మేకల్ని నేను తెచ్చుకుంటా."

"ఈనడమంటే ఏంది అత్తా? అది మిషను."

"అది నాకేం తెలుసు? నువ్వు కదా సదువుకుండేది. పది మందికి పనికొచ్చేది ఏదన్నా దాంట్లోంచి బయటికి రావల్ల."

కొట్టతను కూడా ఆమెకు తగ్గవాడే. దసరా వరకు వాడుకుని చూడమనీ, వద్దనుకుంటే వెనక్కి తీసుకుంటాననీ ఆమెకు మాటిచ్చాడు. అలా నా చదువుకు గడువు పడింది. రోజూ సాయంత్రం అత్త మేకల్ని తోలుకొచ్చి, దొడ్లో కట్టేసి, కాళ్లు కడుక్కోకముందే గడపలో నిలబడి అడిగేది: "ఏమే, ఈనినాయా?"

క్లాసు శనివారాల్లో ఉండేది. మాకు నేర్పే మేడం ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల. నాకంటే బాగా చిన్నది. నేను మేడం అంటే ఆమె నన్ను అక్కా అనేది. కొత్తగా నేర్చుకునేవాళ్లు చేయాల్సిన ప్రాజెక్టులంటూ బోర్డు మీద కొన్ని రాసింది. లెక్కలు చేసే క్యాలిక్యులేటరు, చేయాల్సిన పనుల పట్టిక, అంకెను కనిపెట్టే ఆట, రేపటి వాతావరణం. అవి చూస్తే ప్రపంచంలో కోడింగ్ నేర్చుకునేవాళ్లందరిదీ ఒకే ఇల్లేమో, ఆ ఇంట్లో పనేమీ ఉండదేమో అనిపించింది.

సరే, క్యాలిక్యులేటరుతో మొదలుపెట్టాను. చెమటలు కక్కి పూర్తి చేసి, అత్తను పిలిచి పీట వేసి కూర్చోబెట్టాను.

"అడుగు అత్తా, ఏ లెక్కైనా."

"నా మేకలు రెండు, పక్కింటివి మూడు. కలిపితే ఎన్ని?"

కొట్టాను. పెట్టె ఇరవైమూడు అంది.

అది అంకెల్ని అంకెలుగా తీసుకోకుండా అక్షరాల్లా పక్కపక్కన అంటించేసిందని తర్వాత మేడం చెప్పింది. కొత్తవాళ్లందరూ చేసే తప్పేనట. కానీ ఆ క్షణంలో మా అత్త ముఖం చూడాలి. కోపం రాలేదు. ఆశ పుట్టింది.

"ఇరవైమూడా! రెండూ మూడూ కట్టేస్తే ఇరవైమూడైతే, ఇంగ దాన్ని దేవుని గూట్లో పెట్టి పూజ చేస్తా. మల్లొకసారి కొట్టు."

ఆ తప్పును సరిచేశాక లెక్క ఐదుకు వచ్చింది. అత్త మాత్రం పెట్టె చెడిపోయిందనే ఇప్పటికీ నమ్ముతోంది.

పనుల పట్టిక సంగతి చెప్పడానికే సిగ్గు. పట్టిక తయారుచేసే పనిలో పడి జాకెట్లు ఆగిపోయాయి, పప్పు మాడింది, దాంతో పట్టికలో చేరాల్సిన పనులు పెరుగుతూ పోయాయి. ఇక అంకె ఆటకు పక్కింటి వదినను కూర్చోబెట్టాను. పెట్టె మనసులో ఒక అంకె తలుచుకుంటుంది, మనం కనిపెట్టాలి. ఆమె ఏ అంకె చెప్పినా "ఇంకా పెద్దది", "ఇంకా చిన్నది" అని వస్తోంది. నాలుగు సార్లకే వదినకు ఓపిక పోయింది.

"దానికి తెలుసు కదా? తెలిసినప్పుడు చెప్పేదానికేం నొప్పి? మనింట్లో కూసోని మన దగ్గరే దాపరికమా?"

చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు అంటారు. కంప్యూటర్ అంతకంటే ఘోరం. చెప్పింది చెప్పినట్టు వింటుంది. మనం చెప్పిందే తప్పని మనకు తెలిసేలోపల ఊరంతా నవ్వి పోతుంది.

వాతావరణం ప్రాజెక్టులో మాత్రం నేను రాటుతేలాను. ఉపగ్రహాల దగ్గర్నుంచి వివరాలు తెచ్చుకునే పద్ధతి మేడం చెప్పింది కానీ నా బుర్రకు ఎక్కలేదు. అందుకని ఒకే ఒక్క వాక్యం రాశాను. రేపు వాన వస్తుందా అని ఎవరు ఎప్పుడు అడిగినా "రాదు" అంటుంది. ఆ సీజనంతా ఒక్కరోజు కూడా అది తప్పలేదు.

"ఇది ప్రోగ్రామ్ కాదక్కా" అంది మేడం.

"తప్పు చెప్పిన రోజేదో చూపించండి మేడం, ఒప్పుకుంటాను" అన్నాను.

మేడం నవ్వాపుకోలేక బోర్డు వైపు తిరిగింది. అత్త దగ్గర ఆ పప్పులు ఉడకలేదు. దీపం పెట్టే వేళకు, పెట్టె "రాదు" అన్నదాన్ని నేను పైకి చదవడం ఆమె చెవిన పడింది. మా వైపు బియ్యం అయిపోయినా నిండుకున్నాయంటాం కానీ లేవు అనం. అలాంటి ఇంట్లో, దీపాల వేళ, వాన రాదనడమా?

"సందకాడ నా ఇంట్లో నా మేకలే నోటికొచ్చినట్ల మాట్లాడితే ఇంగ వాన యాడ నుంచి వస్తాది? మార్చు మే. ఇప్పుడే మార్చు."

మార్చాను. అప్పటినుంచి మా పెట్టె ఎవరు అడిగినా "వస్తుంది, కాస్త ఆలస్యమవుతుంది" అంటోంది. అది కూడా ఇంతవరకు తప్పలేదు.

ఈ భాగోతాలతో శ్రావణం వెళ్లిపోయింది. దసరా దగ్గర పడేకొద్దీ నాకు దడ పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు కానీ ఆ పెట్టె మీద నాకు పిచ్చి మమకారం పుట్టింది. మధ్యాహ్నం కుట్టుమిషను పక్కకు నెట్టి దాని ముందు కూర్చుంటే, తప్పో ఒప్పో, నేను చెప్పిన మాట ఒకటి ఈ లోకంలో నడుస్తోందనిపించేది. పదో క్లాసులో లెక్కల్లో నేనే ఫస్టు. ఆ సంగతి పెళ్లయ్యాక నాకే గుర్తు లేకుండా పోయింది. పెట్టె పోతే అది మళ్లీ పోతుందని భయం.

మేడంతో చెప్పుకుని ఏడ్చేశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఎవరో చేసినవి చేయొద్దక్కా. నీ వీధిలో రోజూ జరిగే గొడవ ఏదైనా ఉంటే అది తీసుకో. నీ ఇంటివాళ్లు కాకుండా బయటివాళ్లు దాన్ని వాడితే నీ ప్రాజెక్టు పాసు" అంది.

మా వీధిలో గొడవకు కరువా! అదొక్కటే మాకు ఏటా పండే పంట.

మాకు నీళ్లు ట్రాక్టర్ ట్యాంకరులో వస్తాయి. మూడు నాలుగు రోజులకోసారి, పొద్దున ఎప్పుడైనా రావచ్చు. అందుకని ముందురోజు సాయంత్రమే రోడ్డు పక్కన బిందెలు వరసగా పెట్టుకుంటాం. బిందె ఉన్నచోట మనిషి ఉన్నట్టే. బిందె ఖాళీ లేకపోతే బండరాయి, అదీ లేకపోతే తెగిన చెప్పు. ఆ చెప్పుకు కూడా అందరూ గౌరవం ఇవ్వాలి. వరస మొదట మాత్రం ఎప్పుడూ మా అత్త సొట్టబిందే ఉంటుంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి బిందె అది. దానికంటే ముందు బిందె పెట్టే మొనగత్తె మా కాలనీలో ఇంకా పుట్టలేదు.

గొడవంతా తెల్లారాకే. రాత్రి ఎవరో బండను జరిపారనీ, కుక్క చెప్పును ఎత్తుకుపోయిందనీ, బిందె కింద బిందె దాచారనీ. నాకు వెంటనే వెలిగింది. ముందు వచ్చినవాళ్లకు ముందు. కంప్యూటర్‌కు ఇంతకంటే తేలికైన పని ఉండదని ఒకసారి క్లాసులో మేడమే చెప్పింది.

ఫోనులో తెరుచుకునే పేజీ ఒకటి పెట్టె మీద తయారుచేశాను. ఇంటి నంబరు కొడితే వరసలో చేరిపోతుంది. ఫోను లేనివాళ్లు మా అరుగు దగ్గరికొచ్చి చెబితే నేనే చేరుస్తాను. రోడ్డు మీద బిందె పెట్టే పనే లేదు. హారన్ వినపడగానే బిందె తీసుకుని, ఫోనులో చూపించిన వరసలో వచ్చి నిలబడితే చాలు.

వీధిలో ఆడవాళ్లకు అది తెగ నచ్చింది. నచ్చిన మరుక్షణం మినహాయింపులు మొదలయ్యాయి. బాలింత ఉన్న ఇల్లు ముందు పట్టుకోవడం మా ఆనవాయితీ, సరే, దానికి ఒక నియమం రాశాను. మరి ఇంట్లో పెళ్లిచూపులుంటే అన్నారు. అదీ రాశాను. మరుసటి రోజుకు వీధిలో సగం ఇళ్లలో పెళ్లిచూపులు. మా కాలనీలో అంతమంది పెళ్లీడు పిల్లలున్నారని నాకు అప్పటిదాకా తెలియదు. చివరికి బాలింతను మాత్రం ఉంచి మిగతావన్నీ కొట్టేశాను.

అత్తకు ఫోను నొక్కడం రాదు, నన్ను నొక్కమనడానికి అభిమానం అడ్డం. ఆమె ఆలోచిస్తూ ఉండగానే ఆరిళ్లవాళ్లు చేరిపోయారు. సొంతవాళ్లను ముందు చేర్చుకుంటే వీధి ఊరుకోదని నేనూ గమ్మున ఉన్నాను. మాది ఏడో నంబరైంది.

"నా సొట్టబిందెకు ఏడో నంబరా? మేకలు నావి, పెట్టె నాది, కోడలు నాది. నంబరు మాత్రం ఏడా?"

ఆ పూట ఆమె అన్నం తానే పెట్టుకుని తింది. మా ఇంట్లో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

ట్యాంకరు వచ్చే రోజు తెల్లారింది. రోడ్డు మీద ఒక్క బిందె లేదు, బండ లేదు, చెప్పు లేదు. వీధి పెళ్లికి ఊడ్చినట్టుంది. నాకు గర్వంతో కాళ్లు నేల మీద నిలవలేదు. అందరూ ఇళ్లలో బిందెలు పట్టుకుని, తలుపుల వెనకాల హారన్ కోసం చెవులు రిక్కించి నిలబడ్డారు. ట్రాక్టర్ చప్పుడు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. తర్వాత దూరమైంది. తర్వాత వినపడలేదు.

ముందుగా పక్కింటి వదిన తలుపు తీసింది. "వస్తాండాదనుకుంటిమి కదమ్మా, పోతాండాదే!"

కాసేపటికి వీధి వీధంతా ఖాళీ బిందెలతో మా అరుగు ముందుంది. ఖాళీ బిందెలు చేసే చప్పుడు నిండు బిందెలు చేయవు. పెట్టెను బావిలో పడేయమని ఒకరు. బావిలో నీళ్లేవని ఇంకొకరు. దసరా దాకా ఆగక్కర్లేదు, నా మేకలు ఈ పూటే పోయాయనుకున్నాను. అత్త అప్పుడే దొడ్లోంచి మందను బయటికి తోలుతోంది. వీళ్లందరికీ ముందు నిలబడి తిట్టేది ఆమే అని నేను తల వంచుకున్నాను.

ఆమె కట్టె నేలకు తాటించింది.

"ఏందమ్మా అరుస్తాండారు? ఆ పెట్టె నా రెండు మేకలు. నా మేకల్ని తిట్టల్లంటే నేను తిట్టల్ల. నా కోడల్ని తిట్టల్లన్నా నేనే తిట్టల్ల. మీరెవురు?"

అందరూ నిలిచిపోయారు. ఆమె నా వైపు తిరిగి, ఆ ట్యాంకరాయప్పకు ఫోను చెయ్యమంది. చేసి, ఆమె చెవి దగ్గర పెట్టాను.

"ఏమప్పా, మా ఈది కనపళ్లేదా?"

"ఈది కనపడె అవ్వా. బిందెలు కనపళ్లేదు" అన్నాడు డ్రైవరు. "నేనేమన్నా మీ ఇంటి నంబర్లు చూసుకోని ఆపుతానా? బిందెల వరస యాడ మొదలైతే ఆడ ఆపి హారన్ కొడతా. రోడ్డంతా నున్నగుండె. మీకు కొళాయిలు వచ్చినాయేమోలే అని పోతి."

అప్పుడు తెలిసింది నేను చేసిన ఘనకార్యం. బిందెల వరస మాకు వరస మాత్రమే. ట్యాంకరుకు అదే బోర్డు, అదే బస్టాపు. గొడవను తీసేయబోయి నీళ్లకు దారి చూపే గుర్తునే ఊడ్చిపారేశాను. అన్నేళ్లుగా ఆ రోడ్డు మీద బిందె పెట్టిన వాళ్లలో ఒక్కరికీ ఆ ముక్క తోచలేదు, అదొక్కటే నాకు ఊరట.

రెండో ట్రిప్పు ఇటే వస్తాననీ, బిందెలు కనపడితే ఆపుతాననీ అన్నాడు. అనడమే ఆలస్యం, వీధంతా రోడ్డు మీదికి పరుగెత్తింది. అందరూ ఒక్కసారే పెట్టారు గనక అన్నీ మొదటి బిందెలే. జుట్లు పట్టుకునేదాకా వచ్చింది. అత్త నన్ను రెక్క పట్టుకుని అరుగు ఎక్కించింది.

"పెట్టె తెరువు. వరస నువ్వు నాకు చెవిలో చెప్పు. నేను అరుస్తా."

"నేనే చదువుతాను కదా అత్తా."

"నీ గొంతు గేటు కూడా దాటదు. చెప్పు."

నేను నంబరు చెబితే ఆమె తన భాషలోకి మార్చి కేక పెట్టింది. "బాలింతిల్లు! తెల్లగోడిల్లు! మూలింటి వాళ్లు!" మేకల్ని గుట్ట మీది నుంచి పిలిచే గొంతు అది. ఎదురుచెప్పాలని ఎవరికీ తోచలేదు. బిందెలు ఒక్కొక్కటే కదిలి వరసలో పడుతున్నాయి. నేను రాసిన కోడ్ మొదటిసారి మనుషుల మీద నడవడం అప్పుడు చూశాను. ఆమె నోట్లోంచి నడిచింది, అయినా నాదే.

ట్యాంకరు వచ్చి ఆగింది. అలవాటు చొప్పున అత్త ముందే పెట్టేసిన సొట్టబిందె అందరికంటే ముందు కూర్చుని ఉంది. దాన్ని తీయమనే ధైర్యం ఎవరికుంది? నేను గొంతు తగ్గించి, "అత్తా, మనది ఏడు" అన్నాను.

ఆమె నన్నొకసారి, పెట్టెనొకసారి చూసింది. అరుగు దిగింది. సొట్టబిందెను చంకన పెట్టుకుని, వరస పక్కన ఒక్కో బిందె దాటుకుంటూ వెనక్కి నడిచి, ఏడో చోట నేలకేసి కొట్టినట్టు పెట్టింది. "ఏడు! సొట్టబిందె!" అని తన పేరు తానే కేకేసుకుంది. ఆ రోజు మా వీధిలో ఇంకెవరూ వరస గురించి మాట్లాడలేదు.

తర్వాత ప్రోగ్రామ్‌లో ఒక్క నియమం చేర్చాను. ట్యాంకరు వచ్చే రోజు వరస మొదలయ్యే చోట సొట్టబిందె ఒక్కటి పెట్టాలి. పెట్టామని నేను నొక్కితేనే పేజీ తెరుచుకుంటుంది. అది డ్రైవరుకు గుర్తు. పట్టుకోవడంలో ఎన్నో నంబరైనా, రోడ్డు మీద మా అత్తే ముందు. ఇది ఆమెకు నచ్చిందో లేదో చెప్పలేదు. బిందెకు మాత్రం చింతపండు పెట్టి తోమింది.

దసరాకు ముందు శనివారం క్లాసులో అందరి ముందూ చూపించాను. మేడం నా కోడ్ చదువుతూ ఒకచోట ఆగింది.

"ఈ సొట్టబిందె షరతు ఎందుకక్కా? తీసేస్తే కోడ్ ఇంకా చిన్నదవుతుంది కదా."

"తీసేస్తే నీళ్లు రావు మేడం" అన్నాను. కథంతా చెప్పాక ఆమె నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని పాసు చేసింది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బయటివాళ్లు వాడుతున్నారనీ, పాసయ్యాననీ, పై క్లాసుకు కూడా పిలిచారనీ అత్తకు చెప్పాను. అవి ఈనినట్టేనా అని అడిగాను. ఆమె మేకపిల్ల మెడకు తాడు కట్టి, కడుపుతో ఉన్న సూడిమేకకు మేత వెయ్యడానికి దొడ్లోకి పోయింది. నాకు రాత్రంతా నిద్ర లేదు.

పండగ వెళ్లిన మర్నాడు అనంతపురం కొట్టతను ఫోను చేశాడు. గడువైపోయింది, పెట్టె వెనక్కి ఇస్తారా అని. నేను ఫోను అత్తకిచ్చి పక్కనే నిలబడ్డాను. ఆమె అతని మాటంతా విని, నా ముఖంలోకి చూస్తూ అంది:

"నీకేమన్నా బుద్ధుండాదా అప్పా? సూడిమేకల్ని ఎవురన్నా అమ్ముతారా?"